సున్నం నాకిన పిల్లి

మొదట అది గోడ నాకింది.
సీరోస్ దీవిలో ఆగస్టు, ఎండకి దాహమేమో అనుకుని
గిన్నెలో నీళ్ళు మార్చాను.
వాటికేసి చూడనైనా చూడక
వేవిళ్ళ పిల్లలా మళ్ళీ సున్నానికే పోయింది.

దాని పేరు స్కురియా. మా మాటలో తుప్పు.
ఓడల మరమ్మతు రేవులో, లంగరు గొలుసు చుట్టలో దొరికింది,
గొలుసేదో పిల్లేదో తెలియని రంగులో.
నలభై రెండేళ్ళు తుప్పు గీకి బతికినవాణ్ణి,
ఒక్క తుప్పుని ఇంటికి తెచ్చుకున్నాను.

శుక్రవారం మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయింది.
పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు కొవ్వొత్తి మైనం.
చెవుల లోపల పసుపు.
రేవులో టిక్కెట్ల కిటికీ మూసేశారు.
ఉత్తరపు గాలి మూడో రోజు. పడవ లేదు.
ఏథెన్సు నుంచి మనిషీ రాడు, నెత్తురూ రాదు.
సంచీలో అది పక్షిలా నోరు తెరిచి ఊపిరి తీస్తోంది.

డాక్టరు కల్లిరోయి చెవి అంచున సూదితో పొడిచి
ఒక చుక్క గాజుపలక మీద పూసింది.
"చూడు లియొనార్దోస్, నీకు తెలిసిన పనే."
ఒక కన్ను మూసి చూశాను.
వెలిసిన ఎర్ర బిళ్ళలు. వాటి అంచుల్ని కరుచుకుని
ఊదారంగు చుక్కలు.
గుల్లలు!
ఓడ అడుగున పట్టే గుల్లలు.

"బాక్టీరియా. మిన్నల్లి కుట్టి ఎక్కించి ఉంటుంది.
వీటిని వదిలించబోయి ఒళ్ళే తన కణాల్ని పగలగొట్టుకుంటోంది" అంది.
అది నాకు విడమరచనక్కర్లేదు.
కొత్త కుర్రాడి చేతికి గీకుడుపార ఇచ్చి చూడు,
గుల్లతోబాటు రేకూ లేచిపోతుంది.

మాత్రలు ఉన్నాయి. అవి పనిచేసేదాకా బతకాలిగా.
పిల్లులకీ గ్రూపులున్నాయట. స్కురియాది బి.
ఎ పడితే ప్రాణమే పోతుంది.
రొట్టెల మార్కెల్లా గండుపిల్లి, తొట్టెలా ఉంటుంది, ఎ.
మఠం పిల్లి, అదీ ఎ.
పరీక్ష అట్ట ఇంకొక్కటే మిగిలింది.
కల్లిరోయి కిటికీలోంచి ఎదురింటికేసి చూసింది.
నేను చూడలేదు.

యాకొవోస్ వకొందియోస్.
సమ్మెనాడు తల వంచుకుని గేటు దాటి పనిలోకి పోయినవాడు.
ముప్పైయొక్క ఏళ్ళుగా అతని నీడ పడిన మెట్టు నేను తొక్కను.
ఎవరు పిలిచారో, నేనైతే కాదు,
పాత పని కోటులో చుట్టి
బూడిదరంగు పిల్లిని తనే ఎత్తుకొచ్చాడు.
బి.

మత్తిచ్చి మెడ దగ్గర బొచ్చు గొరిగారు.
అటు అతను, ఇటు నేను, నడుమ రేకు బల్ల.
ఎవరి పిల్లి తల వాళ్ళ అరచేతిలో.
యాభై మిల్లీలీటర్లు.
మా ఊరి కాఫీ కప్పు కూడా నిండదు.
దాన్ని బొట్టు బొట్టుగా మూడు గంటలు ఎక్కించారు.
అంతసేపూ అతను గోడకున్న క్యాలెండరు చదివాడు.
నేనూ అదే చదివాను.

తర్వాత మూడు వారాలు మాత్ర, వెంటనే గొంతులో నీళ్ళు,
పట్టకపోతే మందు గొంతును కాలుస్తుంది.
పొద్దున్నే బొటనవేలితో చిగురు నొక్కి
రంగు తిరిగొచ్చేదాకా లెక్కపెట్టేవాణ్ణి.
నాలుగు. మూడు. ఒకరోజు, ఒకటనేలోగానే.

"మొత్తంగా పోయాయనుకోకు," అంది కల్లిరోయి.
"కొన్ని దాక్కుంటాయి. నీరసపడ్డ రోజున మళ్ళీ పైకి తేలచ్చు."
ఓడకైనా అంతే. నీళ్ళలో దింపిన మర్నాటి నుంచే మొదలు.

నిన్న కాఫీ కొట్లో, రెండు బల్లల అవతలి నుంచి,
పేకముక్కల మీంచి కళ్ళెత్తకుండా అడిగాడు:
"ఎలా ఉంది మా నెత్తురు?"

కొట్లో అందరూ నాకేసి తిరిగారు.
కప్పు అడుగున మడ్డి దాకా తాగాను.

"తింటోంది," అన్నాను.
"గోడ నాకడం మానేసింది."